ఫణిశ్రీ అడ్డంగా తలూపలేదు

2025 మార్చి 22, శనివారం

స్కూలు వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. మూడు నెలలుగా ఇందులో పాలవాడు రాని రోజులు తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేను.

శంకర్ నగర్ ఆఫీసులో ఏసీ ఎంత చల్లగా ఉందంటే కోటమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ముడుచుకు కూర్చుంది. కూతురు ఫణిశ్రీ ఆమె పక్కనే, సోఫా అంచున, సరిగ్గా నాకు ఎదురుగా. మధ్యలో గాజు బల్ల, దాని మీద కాజూ కత్లీ. ఇంకెవరూ ముట్టుకోలేదు. నేను రెండు తిన్నాను.

యోగేష్ అనే ఆ కుర్రాడు భిలాయిలో పుట్టిన తెలుగువాడే. ఈ ఊరి వ్యాపారి సేఠ్ కొత్తగా పెడుతున్న ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు మేనేజరు. మామూలు కబుర్లు తెలుగులో చెబుతాడు, డబ్బు దగ్గరికి వచ్చేసరికి హిందీలోకి దూకేస్తాడు. మూడేళ్ళు, నలభై లక్షలు. మళ్ళీ రాస్తాను, నలభై లక్షలు. మా కాలనీలో కింద నిలబడి రెండో అంతస్తు బాల్కనీల్లోకి పాల ప్యాకెట్లు విసిరిన పిల్లకు! ఒక్క ప్యాకెట్టూ చిరిగేది కాదు. అది చూసే కదా పన్నెండేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని రైల్వే గ్రౌండుకు లాక్కొచ్చాను.

ఇంటికొచ్చి చెప్తే రాజేష్ ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మా ఆయనకు పిచర్ అంటే ఇప్పటికీ బౌలరే. "నీ బౌలరు సరేనందా?" అన్నాడు.

"అడ్డంగా తలూపలేదు" అన్నాను.

"అంటే?"

పెళ్ళయి పదిహేనేళ్ళయినా ఈ మనిషికి మా ఆట అర్థం కాలేదు. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. నేను క్యాచర్‌ని, అంటే వికెట్ కీపరులాగా ఎదురుగా గొంతుక్కూర్చుని మోకాళ్ళ మధ్య వేళ్ళు చూపిస్తాను. ఒక వేలైతే నేరుగా, వేగంగా. రెండైతే వంపు తిరగాలి. మూడైతే నెమ్మది. నచ్చకపోతే ఫణిశ్రీ అడ్డంగా తలూపుతుంది, నేను వేళ్ళు మారుస్తాను. ఊపకపోతే ఒప్పుకున్నట్టే. చెయ్యి దానిది కాబట్టి ఆఖరి మాట దానిదేనని మొదటి రోజే చెప్పాను. తొమ్మిదేళ్ళలో అది కాదన్న బంతిని నేను ఒక్కసారి కూడా వేయించలేదు. కానీ నోటితో మాట్లాడే పని నాది. ఏ అధికారి ముందు నిలబడ్డా, ఏ టోర్నమెంటులో గొడవొచ్చినా, అది నా వెనక నిలబడుతుంది, నేను మాట్లాడతాను.

ఆ ఆఫీసులో యోగేష్ రైలు అనౌన్సుమెంటులాగా గబగబా షరతులు చదువుతున్నాడు. నేను రెండో పేజీ తిప్పాను. అక్కడ నా పేరుంది. ఫణిశ్రీ సంతకం పెడితే తెలీబంధా వైపు గ్రౌండుతో సహా అకాడమీ పెడతారు, హెడ్ కోచ్ మహేశ్వరి. పద్నాలుగేళ్ళుగా ప్రతి మే నెలలో పోయి జూన్‌లో తిరిగొచ్చే పీటీ టీచరు ఉద్యోగం నాది. అచ్చులో నా పేరు చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. అప్పుడే యోగేష్ "ఏమంటారు మేడమ్, ఓకే నా?" అన్నాడు.

ఫణిశ్రీ అడ్డంగా తలూపలేదు.

"ఓకే" అన్నాను.

ఆటోలో వచ్చేటప్పుడు అది ఒక్క మాట మాట్లాడలేదు. అంత సంతోషం ఒక్కసారి మీద పడితే ఎవరికి మాత్రం నోరు పెగులుతుంది?

మార్చి 23, ఆదివారం

పండరీ బజారుకు వెళ్ళి శాలువా కొన్నాను, ఎర్రంచుది. ఉగాదికి తెలుగు సమాజం తరఫున రామమూర్తిగారు కప్పుతారట. పనిలో పనిగా నాకూ ఒక చీర. అకాడమీ బోర్డు కట్టేనాటికి ఉండాలి కదా.

మార్చి 26, బుధవారం

ఫణిశ్రీ మూడు రోజులుగా ప్రాక్టీసుకు రాలేదు. కోటమ్మకు ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాదమ్మా" అంది. బాగా ఉంటే సరే.

మార్చి 30, ఉగాది

ఈ పండగ నాకు జన్మంతా గుర్తుంటుంది.

సమాజం హాలు నిండిపోయింది. రామమూర్తిగారు రైల్వేలో గార్డుగా రిటైరైనా మైకు దొరికితే ఇప్పటికీ జెండా ఊపినట్టే చేతులు ఊపుతారు. "మన శ్రీకాకుళం బిడ్డ, మన ఆడపడుచు, నలభై లక్షల ఒప్పందం! ఈ ఘనత వెనక మన మహేశ్వరి!" అన్నారు. చప్పట్లు. నన్ను స్టేజీ మీదికి పిలిచారు. నేనూ మైకు పట్టుకున్నాను. తొమ్మిదేళ్ళ కష్టమని, దేవుడు చూశాడని, ఏదేదో అన్నాను. ఎదురుగా ముందు వరసలో ఫణిశ్రీ కోసం ఉంచిన కుర్చీ ఖాళీగా ఉంది. కోటమ్మ ఒక్కతే వచ్చింది. శాలువా ఆమెకే కప్పారు. కప్పుతుంటే ఆమె మొహం ఎవరో చెయ్యి చేసుకున్నట్టుగా ఉంది. పచ్చడి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. శాలువా కుర్చీ మీద వదిలేసింది, నేను తెచ్చుకున్నాను.

భోజనాల దగ్గర ఫోన్ మోగింది. ఫణిశ్రీ మెసేజీ.

"దీదీ, నేను ఆ కాగితం మీద సంతకం పెట్టను. మీరెందుకు ఓకే అన్నారో నాకు అర్థం కాలేదు."

పులిహోర విస్తరిలో అలాగే ఉంది. పక్కనున్న ఆవిడ "అమ్మాయేనా? ఏమంటోంది?" అని అడిగింది. "థ్యాంక్స్ చెబుతోంది" అన్నాను.

మార్చి 31, సోమవారం

నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టింది. నాలుగు వందల మంది ముందు నాతో మాట్లాడించి, ఆ తర్వాత కాదంది. ముందే చెప్పి ఉండొచ్చుగా? ఆఫీసులో నా ఎదురుగానే కూర్చుంది. అడ్డంగా తలూపలేదు. ఊపి ఉంటే నేను ఆగేదాన్ని కదా. తొమ్మిదేళ్ళుగా ఆగలేదా?

దాని కాళ్ళకు బూట్లు లేకపోతే నావి ఇచ్చాను, ముందు గుడ్డ కుక్కి మరీ. కటక్ టోర్నమెంటులో జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేశాను. నా కూతురైతే ఇంతకన్నా ఏం చేస్తాను? నాకు కూతురు లేదు, అది వేరే సంగతి.

ఏప్రిల్ 1

ఫోన్ ఎత్తలేదు.

ఏప్రిల్ 3, గురువారం

యోగేష్ ఫోన్ చేశాడు. ఫణిశ్రీ సంతకం పెట్టనందని విని సేఠ్‌గారు యాభై ఐదుకు ఎక్కారట. "పిల్ల గట్టిది మేడమ్, బేరం బాగానే నేర్పారు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది. అదన్నమాట! ఇదంతా రేటు పెంచడానికి. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేనే అడిగేదాన్నిగా, దర్జాగా, నలుగురిలో పరువు పోకుండా.

కోటమ్మకు చెప్పాను. అరగంటలో తిరిగి ఫోన్ చేసింది.

"ఒద్దంతందమ్మా."

"యాభై ఐదు కోటమ్మా. ఐదు పదులు, పైన ఐదు."

"నాను సెప్పినానమ్మా. ఎంతిచ్చినా ఒద్దంతంది. నాకేటి తెలుస్తాది, నువ్వే అడుగు."

నేనెందుకు అడగాలి? నేను ఎవరినని అడగాలి?

ఆశకు ఎక్కడో ఒక చోట అంతుండాలి. కాలనీలో ఇంటింటికీ తిరిగి చెప్పినా నమ్మరు, యాభై ఐదు లక్షలు వద్దన్న పిల్ల ఒకతి ఉందంటే.

ఏప్రిల్ 5, శనివారం

తరుణ్ అని ఒక విలేకరి స్కూలుకు వచ్చాడు. హిందీ పేపరు. నేనేమీ చెప్పలేదు. నాలుగు మాటలు, అంతే.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

పేపర్లో వేశాడు. "యాభై ఐదు లక్షలూ చాలవట!" అని పెద్దక్షరాల్లో. ఫణిశ్రీ బంతి విసురుతున్న ఫొటో. కింద నా మాట: ఈ కాలం పిల్లలకు ఎంతిచ్చినా చాలదు, ఆశ ఎక్కువైపోయింది, అన్నారు ఆమె గురువు మహేశ్వరి.

నేను అన్నది అది కాదు. "ఈ కాలం పిల్లలు" అన్నాను. ఫణిశ్రీ పేరెత్తలేదు. "ఆశ ఎక్కువేమో" అన్నాను. ఆ "ఏమో" ఎగరగొట్టేశాడు. ఏమో ఉన్నదానికీ లేనిదానికీ చాలా తేడా ఉంది.

పానకం కలుపుతూ రాజేష్ పేపరు రెండుసార్లు చదివాడు. మడిచి ఫ్రిజ్ మీద పెట్టాడు. ఏమన్నా అంటే సమాధానం చెబుదామని చూశాను, అనలేదు. ఈ మనిషితో ఇదే చావు.

రామమూర్తిగారు ఫోన్ చేసి "బాగా బుద్ధి చెప్పావమ్మా" అన్నారు. నాకెందుకో సంతోషం కలగలేదు.

ఏప్రిల్ 8

గ్రౌండులో పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు. నేను వెళ్తే ఆపేస్తున్నారు. మిగతా పదకొండు మందీ వస్తున్నారు, ఆట నడుస్తోంది. ఎవరి కోసమూ ఏదీ ఆగదు.

అది అడ్డంగా తలూపలేదు. నేను చూశాను.

ఏప్రిల్ 9, బుధవారం

సాయంత్రం తెలీబంధా చెరువు చుట్టూ నడకకు వెళ్ళాం. రాజేష్‌కు షుగరు, డాక్టరు నడవమన్నాడు. నడిచినంతసేపూ నేను తిడుతూనే ఉన్నాను. ఒక రౌండు పూర్తయ్యాక బెంచీ మీద కూర్చుని బుద్ధిగా, రోజూ రైల్వే బుకింగ్ కిటికీ వెనక కూర్చుని చిల్లర లెక్క చెప్పినట్టే మొదలుపెట్టాడు.

"ఒక మాట అడుగుతాను, కోప్పడకు. క్రికెట్‌వాడు కోట్లు కాదంటే తన విలువ తనకు తెలుసంటాం. కోటమ్మ కూతురు లక్షలు కాదంటే ఆశపోతంటాం. ఎందుకని?"

"వాళ్ళకు వేరే దారి ఉంటుంది. దీనికేముంది?"

"దారి లేనివాళ్ళు కాదంటే దాన్ని ఆశ అనరేమో, వేరే ఏదో కారణం ఉంటుంది. సరే, సేఠ్ పన్నెండు రోజుల్లో నలభై నుంచి యాభై ఐదుకు వెళ్ళాడు కదా. ఆ పదిహేను లక్షలు ముందెందుకు ఇవ్వలేదు? ఆయన్ని పేపరువాడు ఏమీ అనలేదే?"

"నువ్వెవరి వైపు?"

"నేను ఎవరి వైపూ కాదు. అసలా పిల్ల ఏమడిగింది?"

"ఏమీ అడగలేదు. వద్దంది."

"ఎందుకు వద్దంది?"

"నాకేం తెలుసు!" అని అరిచాను. ముందు నడుస్తున్న ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు.

రాజేష్ చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. ఒప్పందం నకలు. నా బీరువాలోంచి ఎప్పుడు తీశాడో! మొదటి పేజీ చివర వేలు పెట్టి చదివాడు, హిందీలో ఉన్నదాన్ని తెలుగులోకి మార్చుకుంటూ. ఆటగత్తె చేతికి గాని, భుజానికి గాని ఆడలేనంత గాయమైతే ఆ రోజుతో ఒప్పందం రద్దు. వైద్యం ఖర్చు ఆమెదే. అయినా మూడేళ్ళు పూర్తయ్యేదాకా మరే జట్టుకూ ఆడకూడదు.

"ఇది చదివావా?" అన్నాడు.

"చదివాను" అన్నాను.

అతను నా కుడి చేతి వైపు చూశాడు. వంకరపోయిన నా ఉంగరపు వేలి వైపు. తర్వాత ఇంకో రౌండు నడుద్దామన్నాడు.

ఏప్రిల్ 10

చదివాను. రెండో పేజీ చదివాను.

ఏప్రిల్ 12, శనివారం

వెళ్ళాను. ఆఖరికి నేనే వెళ్ళాను.

వాళ్ళ క్వార్టరు తలుపు తీసే ఉంది. కోటమ్మ మిషను ముందు కూర్చుని పండరీ షాపు చీరలకు ఫాల్స్ కుడుతోంది. నన్ను చూసి కాలు ఆపింది, లేవలేదు. ఇన్నేళ్ళలో నేను గుమ్మంలోకి వస్తే ఆమె లేవకపోవడం ఇదే మొదటిసారి.

"ఏటమ్మా, నా గుంట ఆశపోతుదా?" అంది. "నాకు హిందీ సదవడం రాదు గాని పక్కింటి పిల్ల సదివి సెప్పినాది. అందరూ అన్నా నాను పట్టించుకోలేదు. నువ్వన్నావంట కదా."

"నేను అలా అనలేదు కోటమ్మా, వాడు..."

"అన్లేదా?"

మిషను మీద చీర జారి కింద పడింది. ఇద్దరం తియ్యలేదు. నేను అబద్ధం చెప్పలేకపోయాను. "నోరు జారాను" అన్నాను.

ఫణిశ్రీ వంటింట్లోంచి వచ్చింది, చేతికి పిండి. నన్ను కూర్చోమనలేదు, నించోమనలేదు. నేను అడగాలనుకున్నదంతా దారిలో నాలుగుసార్లు వల్లెవేసుకుని వచ్చాను. నోట్లోంచి మాత్రం ఫిర్యాదే వచ్చింది.

"నన్నెందుకిలా చేశావే? వద్దనుకుంటే ఆ రోజే చెప్పొచ్చుగా. నీకెదురుగానే కూర్చున్నాను."

"చెప్పినాను దీదీ."

"ఎప్పుడు?"

"అక్కడే. ఆ మేనేజరు చేతికి దెబ్బ తగిల్తే ఖతం అని చదివినాడు చూడండి, అప్పుడు. తల ఊపినాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మీరు చూడట్లేదేమో అని మూడోసారి బాగా జోరుగా ఊపినాను. అమ్మ కూడా నా వైపు చూసింది. మీరు ఓకే అనేసినారు."

"అబద్ధం" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. కోపం లేదు దాని మొహంలో, అదే నాకు భరించడం కష్టమైంది.

"నేను తొమ్మిదేళ్ళు మీకు ఝూట్ చెప్పలేదు దీదీ. మీరు చూసి కూడా కావాలనే ఓకే అన్నారనుకున్నాను. మీకు ఆ అకాడమీ కావాలి కదా, అందుకని. మేరా సైన్ కాట్ దియా, నా సైగ కొట్టేసినారు అనుకున్నాను. ఏ క్యాచర్ అలా చెయ్యదు కదా. అందుకే ఫోన్ ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తానని."

"నోటితో అనాల్సింది. నోరు లేదా నీకు?"

"మీరే కదా చెప్పినారు, పెద్దోళ్ళ ముందు నువ్వు మాట్లాడకు, నాకు చెప్పు చాలు అని. నేను మీకు చెప్పినాను."

కోటమ్మ చీర తీసి మళ్ళీ సూది కింద పెట్టుకుంది కానీ కుట్టలేదు.

"డబ్బు కోసం కాదా మరి?"

"డబ్బు ఎవరికి చేదు? కావాలి. పాతిక ఇచ్చినా చాలు, ఆ లైను తీసెయ్యమని మీతో చెప్పిద్దామనుకున్నాను. బస్, అంతే. నాకున్నది ఈ ఒక్క చెయ్యే దీదీ. అది పాడయ్యాక కూడా వాళ్ళదే అంటే ఎలా?" అని చేతి పిండి దులుపుకుంది. "మీరు నాగపూర్ కథ చెప్తారు కదా, వేలు విరిగితే ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టుకుని ఆట పూర్తి చేశానని. పొద్దున్నే జట్టువాళ్ళు ఇంటికి టికెట్టు చేతిలో పెట్టి పంపేశారు, పోనీలే టికెట్టయినా కొన్నారు అని నవ్వుతారు. అందరూ నవ్వుతారు. నేను ఎప్పుడూ నవ్వలేదు."

నిజమే. నవ్వలేదు. కథ అర్థం కాలేదేమోననుకుని రెండోసారి చెప్పేదాన్ని.

వచ్చేశాను. టీ తాగమని ఎవరూ అనలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున్నుంచీ ఆ గదిని మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటున్నాను. ఏసీ. కాజూ కత్లీ. కోటమ్మ కొంగు. యోగేష్ గొంతు. ఫణిశ్రీ వేసుకున్న నీలం చుడీదారు, సోఫా అంచున దాని మోకాళ్ళు.

మొహం గుర్తుకు రావడం లేదు. గదిలోకి వచ్చినప్పటిది గుర్తుంది, ఆటోలో ఎక్కినప్పటిది గుర్తుంది. యోగేష్ ఓకే నా అన్నప్పటిది లేదు. అప్పుడు నాకు కనిపిస్తున్నది ఒకటే, తెల్ల కాగితం మీద నల్లగా నా పేరు. హెడ్ కోచ్ మహేశ్వరి. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి కూడా చదివానేమో.

మార్చి 22 పేజీ తిప్పి చూశాను. "ఫణిశ్రీ అడ్డంగా తలూపలేదు" అని ఎంత ధీమాగా రాశానో. పైన రెండు వాక్యాల ముందే నేనెక్కడ చూస్తున్నానో కూడా రాసిపెట్టుకున్నాను. నా అక్షరాలే. ఇన్ని రోజులు అందులో నాకది కనిపించలేదు.

రెండు వారాలుగా నాకు ద్రోహం చేసిందని ఊరంతా చెప్పుకున్నాను. దానికి ద్రోహం జరిగిందని అది ఒక్కరికీ చెప్పుకోలేదు.

ఆశపోతు ఎవరో పేపరువాడికి ఎవరు చెప్తారు? నేనే చెప్పాలి. సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 15, మంగళవారం

యోగేష్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి కాజూ కత్లీ లేదు.

"డబ్బు తగ్గించుకోండి, ఆ గాయం లైను తీసెయ్యండి" అన్నాను. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. సేఠ్‌గారు డబ్బు ఎంతైనా పెంచుతారు కానీ ఆ లైను మాత్రం ప్రతి ఒప్పందంలో ఉండాలన్నారట. ఒకరికి తీస్తే అందరికీ తీయాలట.

"అంటే పాతిక లక్షలకు వస్తానన్నా వద్దా మీకు?"

"మేడమ్, మీరు అనవసరంగా సీరియస్ అయిపోతున్నారు. ఆ లైను కాగితం మీద ఉంటుంది, అంతే. గాయమే అవ్వకపోతే ఏముంది?"

నేను కుడి చెయ్యి గాజు బల్ల మీద పెట్టాను. వంకర వేలు చూసి అతను ముందు అర్థం చేసుకోలేదు. తర్వాత చూపు తిప్పుకుని, "పిల్ల లేకపోతే ఆ రెండో పేజీ కూడా లేనట్టే మేడమ్, మీకు తెలుసు కదా" అన్నాడు, చాలా మర్యాదగా.

"తెలుసు" అన్నాను.

ఏడవలేదని గొప్పగా రాసుకుందామనుకున్నాను. మెట్ల మీద ఏడ్చాను.

ఏప్రిల్ 16

తరుణ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. నేను చూడలేదని, ఆ పిల్ల అడిగింది ఒక్క లైను గురించేనని, తప్పు నాదని. "అచ్ఛా అచ్ఛా" అన్నాడు. "ఇందులో కథ ఏముంది మేడమ్?" అన్నాడు.

రామమూర్తిగారికీ చెప్పాను. "మరి సమాజం పరువు?" అన్నారు.

ఏప్రిల్ 19, శనివారం

పేపర్లో ఏమీ రాలేదు. రోజూ చూస్తున్నాను.

ఫణిశ్రీకి మెసేజీ పెట్టాను. చాలా పెద్దది రాసి, చెరిపి, ఆఖరికి "నేను చూడలేదు. క్షమించు" అని మాత్రం పంపాను. చదివినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు.

ఏప్రిల్ 24

మే నెల నుంచి స్కూల్లో నా ఉద్యోగం మామూలుగానే పోతుంది. జూన్‌లో మామూలుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త చీర మడత విప్పలేదు, దాని కింద శాలువా.

కోటమ్మ బజార్లో కనిపించింది. నన్ను చూసి పలకరించింది, అంతవరకు ఆమె మంచి మనిషి. ఫణిశ్రీ వేరే రాష్ట్రం జట్టుకు ఒప్పుకుందట. ఎనిమిది లక్షలు. చేతికేమైనా అయితే వైద్యం వాళ్ళదే, జీతం ఆగదు. "అదే మాటాడుకున్నాదమ్మా ఫోన్లో" అంది కోటమ్మ. "అంతసేపు మాటాడతాదని నాకే తెల్దు. అన్నీ నోటితోనే అడిగినాది."

యాభై ఐదు వదిలేసి ఎనిమిదికి వెళ్ళిన ఆశపోతు. ఈ మాట పేపరువాడు వెయ్యడు.

ఏప్రిల్ 27, ఆదివారం

పొద్దున్న గ్రౌండుకు వెళ్ళేసరికి ఫణిశ్రీ అక్కడుంది. రేపు రైలుందట, వెళ్ళే ముందు చెయ్యి సాగదీసుకోవడానికి వచ్చింది. ఎదురుగా ప్రీతి గొంతుక్కూర్చుని ఉంది. మన ప్రీతే, నిరుటిదాకా బంతులు ఏరిచ్చిన పిల్ల. నేను నేర్పిన దానికన్నా బాగా కూర్చుంటోంది, మడమలు నేలకు ఆనించి.

వల వెనక నిలబడి చూశాను. ప్రీతి రెండు వేళ్ళు చూపించింది. ఫణిశ్రీ అడ్డంగా తలూపింది. ప్రీతి ఒక వేలు చూపించింది. బంతి వచ్చి గ్లవ్‌లో పడిన చప్పుడుకు చెట్టు మీద పిట్టలు లేచాయి. ఈ చప్పుడు లేక నెల రోజులైంది నాకు.

నలభై బంతులయ్యాయి. ప్రీతి నీళ్ళు తాగడానికి లేచింది. ఆమె గ్లవ్ నేల మీద ఉంది. ఆలోచించకుండానే తీసి ఎడమ చేతికి తొడుక్కున్నాను. లోపల ఇంకా తడిగా, వెచ్చగా ఉంది. వెళ్ళి ఆ చోట కూర్చున్నాను. నలభై ఒక్కేళ్ళ మోకాళ్ళు కదా, రెండూ చప్పుడు చేశాయి. ఒకప్పుడైతే అది విని ఫణిశ్రీ నవ్వేది.

"పది బంతులు నేను పట్టనా?" అని అడిగాను.

అది బంతిని చేతిలో తిప్పుతూ నిలబడింది. నేను వేళ్ళేమీ చూపించలేదు. ఎండ నేరుగా నా కళ్ళలోకి పడుతోంది, అయినా తల దించలేదు, పక్కకు చూడలేదు. దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. కళ్ళు, ముక్కు పక్కన చెమట, పెదవి కొరుక్కోవడం, అన్నీ.

ఫణిశ్రీ అడ్డంగా తలూపింది. మెల్లగా, ఒక్కసారే.

చూశాను. చూశానని దానికి తెలిసేలా తల ఆడించి, లేచి, గ్లవ్ ప్రీతి చేతికిచ్చాను.